గాలి తిరగని చోట

మా గడ్డి కోసే బండికి గ్లాసు పెట్టుకునే గుంట ఉంది, వేడి చూపించే ముల్లు లేదు. ఇది గమనించిన దగ్గర్నుంచి మనసులో ఒకటే పీకులాట. సీటుకు కుడిపక్కన ప్లాస్టిక్కులో అచ్చు పోసిన గుంట, ఐసు ముక్కలు వేసిన మజ్జిగ గ్లాసు అందులో కొలిచినట్టు కూర్చుంటుంది. దాని పక్కన బ్లేడును పైకీ కిందికీ జరిపే మీట. ఎదురుగా ఇంజను వేగానికి ఇంకో మీట, ఒక చివర తాబేలు బొమ్మ, రెండో చివర కుందేలు బొమ్మ. ఇప్పటికి ఎన్ని గంటలు నడిచిందో లెక్కపెట్టే మీటరు. ముందు రెండు దీపాలు. (చీకట్లో లాన్ కోసే మనిషి నాకింతవరకు తారసపడలేదు. ఉంటే చూడాలని ఉంది.) ఇన్ని అమర్చినవాళ్లు, కూర్చున్న మనిషి దాహం గురించి కూడా ఆలోచించినవాళ్లు, నా మోకాళ్లకి కాస్త ముందు మరిగిపోతున్న ఆ ఇంజను ఎంత వేడి మీద ఉందో చెప్పే ముల్లు ఒక్కటి ఎందుకు పెట్టలేదు? కారుకి ఉంటుంది. మా మామయ్య ట్రాక్టరుకీ ఉండేది. అది పనిచేసేది కాదనుకోండి, అయినా ఉండేది.

మేముండేది జార్జియాలో, అట్లాంటాకి ఉత్తరాన ఫోర్సిత్ కౌంటీలో. చుట్టుపక్కల తెలుగువాళ్లు ఎంతమందంటే, కొత్తిమీర కట్ట కోసం వెళ్లినా ఇద్దరు ముగ్గురు పలకరించకుండా ఇంటికి రాలేం. వాళ్లలో చాలామందికి ఇంటి ముందు నాలుగు చాపలంత లాన్, తోసుకుంటూ పోయే చిన్న మెషీను చాలు. లేదా నెలకింతని ఎవరికో అప్పజెప్పేస్తారు. మాకు మాత్రం ఎకరం పైచిలుకు స్థలం తగులుకుంది, అందులో వెనకవైపు సగం ఏటవాలు. ఇల్లమ్మిన పెద్దాయన ఫ్లోరిడాకి మారిపోతూ షెడ్డులో ఈ బండిని వదిలేసి వెళ్లాడు. మా ఆయనకి గడ్డి పడదు, కోసిన రోజు రాత్రంతా తుమ్ములే. అంచేత తోలడం నా వంతైంది. తెలుగువాళ్ల విందుల్లో ఇది ఇప్పటికీ వార్తే. “నువ్వే తోల్తావా!” అని ఆడవాళ్లు నన్ను, “మీరు చూస్తూ కూర్చుంటారా!” అని మగవాళ్లు ఆయన్ని అడుగుతుంటారు. వారమంతా హెడ్‌ఫోన్లలో మనుషుల గొంతులు విని విని వాచిపోయిన చెవులకి, ఒకే రకం హోరు మధ్యలో గంటసేపు కూర్చోవడం కంటే మించిన విశ్రాంతి లేదని వాళ్లకి చెప్పినా నమ్మరు. అయినా అది విశ్రాంతేనా అని నాకే ఒక అనుమానం. దాని సంగతి తర్వాత.

మేమిక్కడ కోసేది గరిక. బెర్ముడా గ్రాస్ అని పచ్చటి బొమ్మ వేసి పెద్ద దుకాణాల్లో గింజలమ్మేదీ, వినాయక చవితికి మనం జంటలు జంటలుగా తుంచి పూజలో పెట్టేదీ ఒకే మొక్క. మా ఊళ్లో గట్టు మీద ఉన్నంతసేపే దాన్ని మన్నిస్తారు, చేలోకి దిగితే వేళ్లతో సహా పెకిలించి ఎండలో పడేస్తారు, అప్పటికీ చావదు. ఈ రాష్ట్రంలో దానికోసం ఒక శాస్త్రవేత్త జీవితం ధారపోశాడు. దక్షిణాన టిఫ్టన్ అనే ఊళ్లో ఉన్న పరిశోధన కేంద్రంలో గ్లెన్ బర్టన్ చేసిన గరిక సంకరాలే ఇప్పటికీ ఆటస్థలాల్లో, గోల్ఫ్ మైదానాల్లో పరిచి ఉంటాయి. టిఫ్‌వే 419 అనే పేరుమోసిన రకం 1960లో వచ్చింది. ఆ మనిషే సజ్జ మీద కూడా పనిచేశాడు. ఆయన తయారుచేసిన టిఫ్ట్ 23ఏ అనే సజ్జ వంగడం మన దేశం చేరి, 1965లో పంజాబులో విడుదలైన మొదటి హైబ్రిడ్ సజ్జ హెచ్‌బీ1కి తల్లి అయింది. చేలో గరికని తిట్టుకుంటూ సజ్జలు పండించిన ఇంటి ఆడపిల్ల ఆ వంగడం పుట్టిన జార్జియాకే వచ్చి గరిక పెంచి పోషించడం తలుచుకుంటే, నవ్వాలో ఏమనుకోవాలో తెలియదు.

గరికకి ఎండంటే ప్రాణం. మనుషులు ఇళ్లలో ఏసీలు వేసుకుని తలుపులు బిగించుకునే జూలై, ఆగస్టుల్లోనే అది ఉరకలు వేస్తుంది. అంటే బండికి పని ఎక్కువయ్యేది కూడా సరిగ్గా ఆ ఎండలోనే. ఇంత గడ్డి, ఇంత పొట్టిగా, ఇంత క్రమం తప్పకుండా కోయాలన్న పట్టుదల ఎక్కణ్ణుంచి వచ్చిందో తిరగేస్తే దారి ఇంగ్లండు దాకా వెళ్తుంది. 1830లో స్ట్రౌడ్ దగ్గర ఎడ్విన్ బడ్డింగ్, ఉన్ని బట్ట మీది నూగు కత్తిరించే మరని చూసి గడ్డి కోసే యంత్రాన్ని తయారుచేశాడు. దాన్ని మనుషులే తోయాలి. అప్పట్లో వేడెక్కేదీ మనుషులే. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక న్యూయార్క్ పక్కన లెవిట్‌టౌన్ కట్టి అమ్మినవాళ్లు, వారానికోసారి గడ్డి కోసి తీరాలని ఇళ్లు కొన్నవాళ్ల మీద షరతు పెట్టారు. ఆ షరతు మనవలూ మునిమనవలూ ఇప్పుడు హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) ఉత్తరాల రూపంలో మా తపాలా డబ్బాలో పడుతుంటాయి. తోసేవాళ్ల చెమట తగ్గించి ఎండలో ఎకరాలకెకరాలు కోయగల తేలికపాటి ఇంజను ఒకటి కావలసి వచ్చింది. మిల్‌వాకీలో బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ 1953లో అల్యూమినియం ఇంజను తెచ్చాక బరువు, ధర దిగొచ్చి, గడ్డి మెషీను ప్రతి గరాజులోనూ చేరింది. తేలిక లోహం, గాలితో చల్లబడే పద్ధతి, నీళ్లు లేవు, రేడియేటరు లేదు. ఎంత హాయి! ఆ హాయిలోనే నా కథ ఉంది.

జూన్ చివర్నుంచే బండి తేడాగా ఉండేది. మొదలుపెట్టినప్పుడు బాగానే నడిచేది. అరగంట దాటాక ఏటవాలు ఎక్కుతుంటే గొంతు తగ్గేది. ఆపి, నీడలో పెట్టి, లోపలికెళ్లి నాలుగు ముద్దలు తినొచ్చేసరికి మళ్లీ ఏమీ ఎరగనట్టు నడిచేది. పొద్దున తాళం తిప్పగానే సైలెన్సరు లోంచి నీలం పొగ గుప్పున వచ్చి ఆగిపోయేది. డిప్‌స్టిక్ బయటికి తీసి, తుడిచి, మళ్లీ పెట్టి చూస్తే ఆయిలు ప్రతిసారీ కాస్త తక్కువే. షెడ్డు గచ్చు మీద మాత్రం చుక్క మరక లేదు. కారకుండా ఎక్కడికి పోతున్నట్టు? నేను పోస్తూనే ఉన్నాను, అది తాగుతూనే ఉంది. బండిని తీసుకెళ్లి చూపిద్దామంటే రిపేరు షాపులో జూలై అంతా వరస. ఇక్కడ ఏసీ మెకానిక్కు, గడ్డి బండి మెకానిక్కు వేసవిలో డాక్టర్ల కంటే దొరకరు.

ఒక శనివారం మధ్యాహ్నం, వెనక పైన్ చెట్టు దగ్గర, మొదట వాసన వచ్చింది. మాడిన నూనె వాసన, దాంట్లో కాలిన రంగు వాసన కలిసి. తర్వాత లోపల ఎక్కడో టకటకమన్న చప్పుడు. నా చెయ్యి తాళం దాకా వెళ్లేలోపే ఒక్క పెద్ద దెబ్బ, ఆ వెంటనే నిశ్శబ్దం. మళ్లీ తాళం తిప్పితే స్టార్టరు టిక్కుమంది, ఇంకేదీ కదల్లేదు. దిగి చూస్తే ఇంజను పక్క గోడకి బొటనవేలు దూరేంత కన్నం. అందులోంచి నల్లటి ఆయిలు ఆవిర్లు కక్కుతూ గరిక మీదికి జారుతోంది. లోపలుండాల్సిన కనెక్టింగ్ రాడ్డు విరిగి, గోడ పగలగొట్టుకుని బయటికి చూసింది. ఇంజను సీజవడం అంటే చిన్నప్పట్నుంచీ వింటున్న మాటే, స్కూటర్ల వాళ్లూ లారీల వాళ్లూ అంటుండేవాళ్లు. ఇంత దగ్గరగా చూడటం అదే.

మెకానిక్కు ట్రైలరు వేసుకుని వచ్చినప్పుడు, ఇక్కడే విప్పి చూపించమని అడిగాను. పోయిందని ఎలాగూ తెలుసు, దేనివల్ల పోయిందో నా కళ్లతో చూడాలనిపించింది. ఆయన వింతగా చూశాడు గానీ కాదనలేదు. ఇంజను నెత్తిన నల్లటి రేకు మూత ఉంటుంది. దాని నడిమధ్య జల్లెడ, జల్లెడ కింద ఫ్యాను రెక్కలున్న ఫ్లైవీలు. ఇంజను తిరిగితే ఫ్లైవీలు తిరుగుతుంది, అది జల్లెడలోంచి గాలి పీల్చి, మూత లోపలి దారిలో సిలిండరు మీదికి తోస్తుంది. సిలిండరు ఒంటి నిండా పలచటి అల్యూమినియం రెక్కలు వరసగా ఉంటాయి, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య పెన్సిలు మొన పట్టేంత సందు. ఆ సందుల్లోంచి గాలి పరుగెత్తాలి. వేడి తీసుకుని బయటపడాలి. ఉన్న ఏర్పాటంతా ఇదే. నాలుగు మూలలా బోల్టులు తీసి ఆయన మూత ఎత్తితే, ఆ రెక్కలు కనపడలేదు. వాటి బదులు గోధుమరంగు దిండు. పొడి గడ్డి, ఎర్రమట్టి దుమ్ము, చిమ్మిన ఆయిలు కలిసి అట్టలు కట్టాయి. దానికి వెనక, ప్లగ్గు పక్కన, షెడ్డు గోడలోంచి పీక్కొచ్చిన గులాబీరంగు గాజుపీచుతో అల్లిన ఎలుక గూడు. ఓక్ కాయల చిప్పలు కూడా ఉన్నాయి, సగం కాలి. మెకానిక్కు స్క్రూడ్రైవరుతో పొడిస్తే దిండు ఒకే ముక్కగా ఊడి, రెక్కల అచ్చు దించుకుని చేతికొచ్చింది. ఏ చలికాలమో షెడ్డులో కాపురం పెట్టిన ఎలుకకి అంతకంటే వెచ్చటి మూల ఎక్కడ దొరుకుతుంది?

మూత మీద ఉన్నప్పుడు అదేదీ కనపడదు, మూత లేకపోతే గాలి అదుపులో ఉండదు. ఫ్యాను గాలిని వాటంగా సిలిండరు మీదికి మళ్లించేదే ఆ రేకు. అది తీసి పారేస్తే ఇంజను ఇంకా తొందరగా చస్తుంది. రక్షించేదీ, లోపలి సంగతి దాచేదీ ఒకే రేకు కావడం నాకు ఒక పట్టాన మింగుడుపడలేదు. మెకానిక్కుకి ఇందులో ఆలోచించాల్సిందేమీ కనపడలేదు. ఏడాదికోసారి ఎత్తి ఊదుకోవాలి, అంతే, అన్నాడు.

మిగతాది ఆయన చెప్పింది, నేను తర్వాత చదివి అర్థం చేసుకున్నది కలిపి చెప్తాను. సిలిండరు లోపల మండే వాయువుల వేడి 2,000 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. అల్యూమినియం 660 దగ్గరే కరిగిపోతుంది. కరక్కుండా ఎలా ఉంటోంది మరి? మంట ఉండేది రెప్పపాటు, ఆ రెప్పపాటుకీ తర్వాతి రెప్పపాటుకీ మధ్య గాలీ ఆయిలూ వేడిని ఎత్తుకుపోతుంటాయి కాబట్టి. ఈ చిన్న ఇంజన్లలో పెట్రోలు శక్తి నాలుగో వంతుకి అటూ ఇటూగా మాత్రమే బ్లేడుకి చేరుతుంది, మిగిలిందంతా వేడే. దాన్ని తీసేసే దారి మూసుకుంటే మొదట సిలిండరు హెడ్డు కొద్దిగా, కంటికి తెలియనంత, వంకరపోతుంది. దాని కింద గ్యాస్కెట్ ఒక అంచున కాలుతుంది. ఆ సందులోంచి మంట ఒత్తిడి ఆయిలుండే గదిలోకి జొరబడి, ఆయిలుని ఆవిరి గొట్టం గుండా కార్బురేటరులోకి తోస్తుంది, అక్కణ్ణుంచి అది సిలిండరులోకే వచ్చి కాలిపోతుంది. నీలం పొగ అదే. గచ్చు మీద మరక లేకుండా మాయమైన ఆయిలు అదే. మిగిలిన కాస్తా వేడికి నీళ్లలా పలచబడుతుంది. ఈ ఇంజన్లలో రాడ్డు కూడా అల్యూమినియమే, క్రాంకుని పట్టుకునే చోట మధ్యలో బేరింగు ముక్క కూడా ఉండదు, వెంట్రుక కంటే పలచటి ఆయిలు పొర ఒక్కటే అడ్డం. ఆ పొర చిరిగిన చోట అల్యూమినియం కరిగి ఉక్కుకి పూసుకుంటుంది, పట్టేస్తుంది, నిమిషానికి మూడువేల పైచిలుకు చుట్లు తిరుగుతున్న క్రాంకు ఆగదు కాబట్టి రాడ్డు విరుగుతుంది. వారాల తరబడి మెల్లగా జరిగింది ఇదంతా, ఆఖరి అరక్షణం తప్ప.

ముల్లు ఎందుకు పెట్టరని ఆయన్నే అడిగాను. కారులో ముల్లు చూపించేది నీళ్ల వేడి. ఇక్కడ నీళ్లే లేవు, దేన్ని కొలవాలి? కొలవాలనుకుంటే దారి లేకపోలేదు, చిన్న విమానాల్లో స్పార్క్ ప్లగ్గు కింద వాషరులాంటి తీగ బిగించి హెడ్డు వేడి చూస్తారట. గడ్డి బండికి అంత ఖర్చు ఎవరు పెడతారు, పెట్టినా ఎవరు చూస్తారు అన్నాడు. ఆ రెండో ప్రశ్న నాకు గుచ్చుకుంది. చూసేవాళ్లుంటే ముల్లు లేకపోయినా చూస్తారని నాకు తెలుసు, ఎందుకంటే అలాంటి మనిషి చేతుల మీద పెరిగాను.

మా మామయ్యది పల్నాడు. సాగర్ కుడికాలువ నీళ్లు ఆఖరి చేల దాకా రాని ఏడాది, వాగులోంచి తోడుకోవడానికి అయిదు హార్స్‌పవర్ కిర్లోస్కర్ ఆయిలింజను ఉండేది. ఎడ్లబండి మీదేసుకుని వెళ్లి వాగొడ్డున దించేవాళ్లు. దాన్ని చల్లబరచడానికి వేరే ఏర్పాటంటూ ఏమీ లేదు. పంపు తోడే నీళ్లలోంచే వేలెడు లావు గొట్టం ఒకటి చీలి ఇంజనులోకి వెళ్లేది, సిలిండరు చుట్టూ తిరిగి, అవతలి పక్క సన్నటి ధారగా పడేది. పెద్ద గొట్టంలో చల్లటి నీళ్లు చేలోకి, చిన్న గొట్టంలో వెచ్చటి నీళ్లు పక్కన బురదలోకి. సంక్రాంతి సెలవులకి వెళ్తే పిల్లలం ఆ వెచ్చటి ధార కింద వంతులేసుకుని స్నానాలు చేసేవాళ్లం, ఒళ్లంతా కాస్త డీజిలు వాసన. మామయ్య మడవ కట్టడానికి ఎంత దూరం వెళ్లినా మధ్యమధ్యలో పార భుజాన వేసుకుని వచ్చేవాడు. ఇంజను వంక చూసేవాడు కాదు. నేరుగా వెళ్లి ధార కింద అరచెయ్యి పెట్టి, ఒక్క క్షణం ఆగి, మళ్లీ పొలంలోకి వెళ్లిపోయేవాడు. చెయ్యి ఓర్చుకుంటే సరే. చురుక్కుమంటే చిన్న గొట్టానికి నాచో ఆకో అడ్డం పడిందని లెక్క.

ఆయన నిజంగా పరుగెత్తడం నేను చూసింది ఒక్క సందర్భంలోనే, పంపుకి గాలి పట్టినప్పుడు. అడుగున ఫుట్‌వాల్వు సరిగ్గా మూసుకోకపోతే నీళ్లు జారిపోయి పంపు ఖాళీగా తిరుగుతుంది. బరువు పోయేసరికి ఇంజను చప్పుడు తేలికపడుతుంది, వినడానికి బాగుంటుంది కూడా. “హాయిగా తిరుగుతోంది కదా మామయ్యా” అన్నాను ఒకసారి. “హాయి కాదమ్మాయ్, ఎండిపోయి తిరుగుతోంది” అంటూ వెళ్లి ఆపేశాడు. నీళ్లు ఎత్తుతున్నంతసేపూ చల్లగా ఉన్న ఇంజను, ఏ పనీ లేనప్పుడు ఎలా కాలిపోతుందో ఆ వయసులో నాకు అర్థం కాలేదు. పనికి వేడెక్కాలి, పని లేకపోతే చల్లబడాలి కదా! మనుషులకైతే అంతే కదా!

శ్రీశైలం వెళ్లేటప్పుడు దోర్నాల దాటాక ఘాట్లో కూడా ఇలాంటిదే చూశాను. ఎండాకాలంలో ఎక్కలేక ఎక్కలేక వచ్చిన బస్సు ఒకటి పక్కకి ఆగి, బానెట్టు కింద నుంచి ఆవిరి లేస్తోంది. మేమంతా దిగి చెట్ల కింద చేరాం. మా బాబాయి చదువుకున్నవాడు, ముందు ఇంజను ఆపమని డ్రైవర్ని కేకలేశాడు. డ్రైవరు ఆపలేదు. నెమ్మదిగా తిరగనిస్తూ, తడి గోనెపట్టా వేసి మూత కొద్దికొద్దిగా వదిలి, ఆవిరంతా పోయాక, బిందెతో సన్నటి ధారగా నీళ్లు పోశాడు. ఆపేస్తే లోపల నీళ్లు తిరగవు, వేడి ఎక్కడిదక్కడే కూర్చుంటుంది, పైగా మరుగుతున్న దిమ్మె మీద ఒక్కసారిగా చన్నీళ్లు పడితే బీట వేస్తుంది అని తర్వాత టీ తాగుతూ చెప్పాడట. మా బాబాయి ఇప్పటికీ ఒప్పుకోడు.

గడ్డి బండి పుస్తకంలో ఒక మాట చదివినప్పుడు మామయ్యా, ఆ బస్సు డ్రైవరూ గుర్తొచ్చారు. గడ్డి కోసేటప్పుడు మీటని పూర్తిగా కుందేలు వైపే ఉంచమంటుంది పుస్తకం. మా ఆయనా, ఆయన స్నేహితులూ దీన్ని అమ్మకందార్ల ఎత్తుగడ అంటారు. సగం వేగంలో నడిపితే పెట్రోలు కలిసొస్తుంది, చప్పుడు తగ్గుతుంది, బండి మన్నుతుంది అని వాళ్ల లెక్క. చేతక్ స్కూటరుని ఎప్పుడూ నలభై దాటించని నాన్నల పిల్లలం కదా, నిదానమే మన్నిక అని నమ్మడం మా రక్తంలో ఉంది. కానీ ఫ్యాను ఉన్నది ఇంజను షాఫ్టు మీదే. ఇంజను నెమ్మదిస్తే గాలీ నెమ్మదిస్తుంది. బ్లేడుకి తగిలే గరిక మాత్రం నెమ్మదించదు, ఎంత దట్టంగా ఉండాలో అంత దట్టంగానే తగులుతుంది. బరువు అదే, గాలి సగం. పాపం అలిసిపోతుందని మనం తాబేలు వైపు లాగిన మీట దాని గొంతు నొక్కుతుంది. ఆ మాటకొస్తే ఆ చేతక్కుదీ ఇదే ఏర్పాటు, పక్క డొప్ప కింద ఫ్యానున్న ఫ్లైవీలు, సిలిండరు చుట్టూ రేకు.

ఇంత దూరం వచ్చాక, ఇది మనుషులకి వర్తింపజేయకుండా ఉండటానికి నాకు చాలా నిగ్రహం కావలసి వస్తోంది. మా ఆఫీసులో బర్న్‌ఔట్ గురించి ఏడాదికోసారి శిక్షణ ఇస్తారు. సారాంశం ఎప్పుడూ ఒకటే, సెలవు పెట్టండి, ఫోను ఆపేయండి. పెట్టి చూశాను. తలుపు వేసి ఉన్న బుర్రలో వేడి ఎక్కడిదక్కడే ఉంది, కొన్నిసార్లు ఇంకాస్త పెరిగింది కూడా. ఇంజన్లకీ ఇది ఉందట, బాగా వేడి మీదున్నప్పుడు టక్కున ఆపితే గాలి ఆగిపోయి, కాసేపు హెడ్డు ఇంకా వేడెక్కుతుంది. అందుకే ఆపేముందు బ్లేడు వదిలి ఒక నిమిషం ఊరికే తిరగనిమ్మంటారు. నన్ను చల్లబరిచేవి చూసుకుంటే, అన్నీ పని మధ్యలో ఉండేవే. ఎదురు సీటు అమ్మాయితో ఒక నవ్వు, చేసిన పని చేరాల్సిన చోటికి చేరిందని తెలియడం, మధ్యాహ్నం పది నిమిషాలు ఎవరూ ఏమీ అడక్కపోవడం. ఇంటి నుంచి పని మొదలయ్యాక అవన్నీ ఒక్కొక్కటిగా ఎప్పుడు పూడుకుపోయాయో తెలియలేదు. పని పెరగలేదు, గాలి తగ్గింది. అంటే సెలవు అక్కర్లేదని కాదు. మామయ్య కూడా రాత్రిళ్లు ఇంజను ఆపేవాడు. పైగా మనుషులకి రెక్కలూ సందులూ ఎక్కడుంటాయో విప్పి చూపించే మెకానిక్కు లేడు. ఈ పోలికని ఇంకా లాగితే నాకే నమ్మకం పోయేట్టుంది, ఇక్కడితో వదిలేస్తాను.

బండి సంగతికొస్తే, మా ముందు చాలా దారులున్నాయి. చాసిస్, గేరు, బ్లేడు పెట్టె అన్నీ బాగున్నాయి కాబట్టి కొత్త ఇంజను ఒక్కటే తెప్పించి బిగించడం ఒకటి. దాని ఖర్చు కొత్త బండి ధరలో సగం దాకా వస్తుంది. మా ఆయన కాగితం మీద లెక్కలేసి, ఆ డబ్బుకి సగం వేసవి ఎవరో వచ్చి కోసిపెడతారని తేల్చాడు. ఎదురింటివాళ్లు బ్యాటరీ బండి కొనమన్నారు. కాలిఫోర్నియాలో కొత్త పెట్రోలు గడ్డి ఇంజన్ల మీద 2024 నుంచి ఆంక్షలు వచ్చేశాయి, ఎలాగూ అందరూ అటే పోవాలి అన్నారు. వాళ్ల బండి వేడెక్కితే దానంతటదే ఎర్రదీపం వెలిగించి ఆగిపోతుంది, రాడ్డు లేదు, ఆయిలు లేదు. అన్నీ నిజమే. కానీ విప్పి చూశాక నాకు ఆ పాత బండి అర్థమైంది. అర్థమైన దాన్ని పారేసి అర్థం కానిది కొనడం ఏం లాభసాటి అనిపించింది. ఇంజను ఆర్డరు పెట్టాను. మొదటి అయిదు గంటలు నడిచాక ఆయిలు మార్చాలని, తర్వాత యాభై గంటలకోసారి మార్చాలని, ఏటా చలికాలం పోగానే మూత ఎత్తాలని మెకానిక్కు కాగితం మీద రాసిచ్చాడు.

ఇంజను స్టాకు లేదు, సెప్టెంబరు అవుతుందన్నారు. ఈలోగా గరిక మోకాలి దాకా లేచి వెన్ను తీసింది. హెచ్‌ఓఏ నుంచి మొదట మర్యాదగా, తర్వాత జరిమానా అంకెతో ఉత్తరాలు వచ్చాయి. రెండిటికీ మా ఆయనే ఇంజను ఆర్డరు కాగితం జతచేసి జవాబు రాశాడు. వినాయక చవితి ముందు రోజు పొద్దున్నే తలుపు తట్టిన చప్పుడైతే మూడో ఉత్తరం చేతికే తెచ్చిచ్చారేమో అనుకున్నాం. చూస్తే రెండు వీధుల అవతలి తెలుగు కుటుంబం, చేతిలో కవరు, వెంట పిల్లలు. వాళ్ల లాన్ నిన్నే కోయించారట, పైగా కలుపు మందు కొట్టించారట, పూజకి పనికిరాదు. “మీ ఇంట్లో మాంఛి గరికుందని గుళ్లో చెప్పుకుంటున్నారండీ” అంది ఆవిడ. మధ్యాహ్నానికి ఇంకో నాలుగు కార్లు వచ్చాయి. మా ఆయన ముక్కుకి గుడ్డ కట్టుకుని వరండాలో నిలబడి, ఎటువైపు కుక్క తిరగలేదో అందరికీ చూపిస్తున్నాడు.